దాణాకు చెమ్మ తగులనీయకుడు

పాడియు పంటయు గ్రామమునకు రెండు కన్నులని పెద్దలు చెప్పుదురు. పంటను కాపాడుకొనుటలో మన రైతు చూపు శ్రద్ధ, పాడికి ఆధారమైన దాణాను కాపాడుకొనుటలో పలుచోట్ల కానరాదు. ధాన్యమును నిల్వచేయునపుడు ఎత్తైన చోటు వెదకును. అడుగున గడ్డి పరచును. గాదె మూతకు పేడమట్టి మెత్తును. దాణా బస్తాను మాత్రము పశువులపాకలో ఒక మూల తడినేలపై దించి, మూతి విప్పి వదలివేయును. మనుష్యులు తినునది కాదు గదా యను భావమే ఇందులకు కారణము.

కాని నేటి దాణాయే రేపటి పాలు. బస్తాలో పుట్టిన చెడుగు గేదె కడుపులోనికిని, అచ్చటినుండి పొదుగులోనికిని, తుదకు ఇంటిలోని పసిబిడ్డ త్రాగు పాలలోనికిని చేరగలదు. కావున దాణా నిల్వ అనునది పశువుల సంగతి మాత్రమే కాదు. అది కుటుంబ ఆరోగ్యమునకు సంబంధించిన సంగతి. దాణా ఏల చెడునో, చెడిన దాణావలన కలుగు కీడు ఎట్టిదో, దానిని చెడకుండ ఎట్లు కాపాడవలెనో ఈ పాఠమున తెలిసికొందము. పాడిపశువుల దాణాకు వర్తించు సూత్రములే కోళ్ల మేతకును, ఇంటి కుక్కకు పెట్టు పొడి మేతకును వర్తించును.

దాణాకు నలుగురు శత్రువులు

దాణాను చెడగొట్టునవి నాలుగు: చెమ్మ, గాలి, వేడిమి, పురుగులును ఎలుకలును. వీనిలో చెమ్మయే పెద్ద శత్రువు. మిగిలిన మూడును చెమ్మకు తోడుపడునవే.

పొడిగా కనిపించు దాణాలోనైనను కొంత నీరుండును. పశువుల మిశ్రమ దాణాలో తేమ నూటికి 11 పాళ్లకు మించరాదని భారతీయ ప్రమాణములు నిర్ణయించినవి. అనగా 50 కిలోల బస్తాలో అయిదున్నర కిలోల వరకు నీరు ఇమిడియున్నను దోషము లేదన్నమాట. ఆ నీరు గింజలోను, పిండిలోను బిగువుగా కలిసియుండును గనుక బూజునకు అందదు. తేమ నూటికి 13, 14 పాళ్లు దాటినప్పుడు అంతవరకు నిద్రాణముగా నున్న బూజు విత్తనములు మేల్కొనును. అవి గాలిలోను, ధూళిలోను, పాత గోనెసంచుల పోగులలోను ఎల్లప్పుడును ఉండునవే. వానిని పూర్తిగా లేకుండ చేయుట మన తరము కాదు. వానికి నీరు అందకుండ చేయుట మాత్రము మన చేతిలోనిదే.

చెమ్మ దాణాకు మూడు దారుల చేరును. మొదటిది నేల. మట్టినేల గాని, గచ్చునేల గాని అడుగునుండి చెమ్మను పైకి పీల్చును. దానిపై నుంచిన గోనెసంచి దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ చెమ్మను పీల్చును. బస్తా పైభాగము పొడిగానే యుండును. అడుగున జానెడు మందమున దాణా గడ్డకట్టును. రెండవది గాలి. వానకాలపు గాలిలోని తేమను తవుడు, పిండి, చెక్కపొడి తమంత తామే పీల్చుకొనును. మూడవ దారి పలువురి కంటికి కానరాదు. పగటి యెండకు వేడెక్కిన రేకు డబ్బా రాత్రి చల్లబడినప్పుడు, లోపలి గాలిలోని ఆవిరి మూత క్రిందను, ప్రక్కలను నీటిబొట్లుగా మారి దాణాపై పడును. ఎండబెట్టిన గింజలను వేడి తగ్గక మునుపే డబ్బాలో పోసి మూసినను ఇట్లే జరుగును. పురుగు పట్టిన దాణాలోను ఇదే కథ: పురుగుల శ్వాసవలన వేడియు, నీటియావిరియు పుట్టి, పొడి దాణాయే క్రమముగా చెమ్మగిల్లును.

గాలియు, వేడిమియు చేయు చెరుపు

ధాన్యము తవుడులో నూటికి 15 నుండి 20 పాళ్ల వరకు నూనె యుండును. బియ్యము పొట్టులో సహజముగా నుండు ఒక పదార్థము, మరపట్టినంతనే ఆ నూనెతో కలిసి దానిని విడగొట్టనారంభించును. అందువలననే పచ్చిబియ్యపు తవుడు కొలది దినములలోనే ముక్కవాసన కొట్టును. ఉప్పుడు బియ్యము తవుడు ఇంతకంటె ఎక్కువ దినములు నిలుచును. ధాన్యమును ఉడికించినపుడు ఆ విడగొట్టు పదార్థము వేడికి నశించుటయే ఇందులకు కారణము. నూనె తీసిన తవుడులో ఈ చిక్కు మిక్కిలి తక్కువ.

నూనెగల దాణాకు గాలి ధారాళముగా తగిలినను, ఎండ తగిలినను నూనె చెడిపోవును. దానితోపాటు ఏ, ఈ విటమినులు నశించును. అట్టి దాణాను పశువు మూతి తిప్పి విడిచిపెట్టును. బలవంతముగా తిన్నను అందుకు తగిన ఫలము దక్కదు. దాణాకు పెట్టిన సొమ్ములో కొంత ఈ విధముగా గాలిపాలగును.

కంటికి కానరాని విషము

ముక్కిన దాణావలన కలుగు నష్టము ఒక ఎత్తు. బూజు పట్టిన దాణావలన కలుగు నష్టము మరియొక ఎత్తు. 1960 లో ఇంగ్లాండు దేశమున లక్షకు పైగా సీమకోళ్లు కొలది నెలలలో మరణించినవి. కారణము తెలియక మొదట దానికి పేరు పెట్టలేని వ్యాధిగా లెక్కించిరి. పరిశోధింపగా, ఆ కోళ్ల మేతలో కలిపిన వేరుశనగ చెక్కయే కారణమని తేలినది. ఆ చెక్కపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చని ఆకుపచ్చని బూజు పెరిగి విషమును విడిచినది. ఆ బూజు పేరునుండియే విషమునకు అఫ్లాటాక్సిన్ అను పేరు కలిగినది.

మన దేశమునందును ఇట్టి ఘోరము జరిగినది. 1974 లో రాజస్థాన్ లోని బాన్స్‌వాడా, గుజరాత్ లోని పంచమహల్ జిల్లాలలో అకాల వర్షములకు మొక్కజొన్న తడిసినది. ఆ గింజలను సరిగా ఆరబెట్టక నిల్వచేసి తిన్న గిరిజన కుటుంబములలో కామెర్లు, కడుపు ఉబ్బు వ్యాపించి నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఇండ్లలో అదే తిండి తిన్న కుక్కలకును అదే వ్యాధి సోకినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ దీనికి కారణమని లోకమునకు తెలిపిరి. ఒకే మూటనుండి యజమానియు, కుక్కయు తిని ఒకే వ్యాధికి గురియగుట మరువరాని గుణపాఠము.

ఈ విషము ముఖ్యముగా కార్జమును దెబ్బతీయును. బాతుపిల్లలు, కోడిపిల్లలు, దూడలు, కుక్కలు దీనికి త్వరగా లొంగును. పెద్ద పశువులలో ఆకలి మందగించుట, పాలు తగ్గుట, ఎదుగుదల లేకపోవుట మొదలగు లక్షణములు నెమ్మదిగా కనిపించును. ఇట్టి లక్షణములు ఇతర వ్యాధులలోను ఉండును గనుక, రైతు దాణాను అనుమానింపడు. కోడిగ్రుడ్లు తగ్గినను, పిల్లలు ఒక్కొక్కటిగా రాలిపోయినను తెగులని తలచి ఊరకుండును.

ఈ విషమున్నంత మాత్రమున దాణాకు రంగు గాని, రుచి గాని, వాసన గాని మారవలెనను నియమము లేదు. బూజు ఎండి రాలిపోయిన తరువాతను విషము మిగిలియుండును. కొందరు బూజు పట్టిన చెక్కను ఎండలో వేసి, దులిపి, గేదెకు పెట్టుదురు. ఎండకు బూజు చచ్చును. విషము పూర్తిగా పోదు. కుడితిలో వేసి ఉడికించినను పోదు. కావున విషము పుట్టిన తరువాత చేయు చికిత్సకంటె, పుట్టకుండ చేయు కాపుదలయే మేలు.

విషము ఎంత స్వల్పముగా నున్నను కీడు చేయునో ఒక లెక్కవలన తెలియును. పశువుల మిశ్రమ దాణాలో బీ1 అను ముఖ్యమైన అఫ్లాటాక్సిన్ నూరుకోట్ల పాళ్లకు 20 పాళ్లు మించరాదని ప్రమాణము. అనగా వెయ్యి కిలోల దాణాలో 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పుకంటె తక్కువ. అందువలన కంటి చూపుతో దీనిని కనుగొనుట అసాధ్యము, ప్రయోగశాలలో పరీక్షింపవలెను. పటాన్‌చెరులో 1972 లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ, వేరుశనగలో ఈ విషమును తక్కువ ఖర్చుతో పరీక్షించు పద్ధతులను రూపొందించినది.

దాణానుండి పాలలోనికి

గేదె గాని, ఆవు గాని ఈ విషముతో కూడిన దాణాను తినినచో, అందులో కొంతభాగము రూపుమారి పాలలోనికి దిగును. పాలలో కనిపించు ఈ రూపమునకు ఎం1 అని పేరు. తినిన మరునాటికే అది పాలలో కనిపించును. చెడు దాణాను మాన్పించినచో మూడు నాలుగు దినములలో తగ్గిపోవును. పాలను కాచినను, తోడుపెట్టినను అది పూర్తిగా నశింపదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ కిలో పాలలో ఇది 0.5 మైక్రోగ్రామును మించరాదని విధించినది. పాలు ఎక్కువగా త్రాగువారు పసిబిడ్డలు. వారి కార్జము లేతది. ఈ కారణముననే దాణా బస్తాను మనుష్యుల అన్నమువలె కాపాడవలెను.

నిల్వ చేయవలసిన చోటు

దాణాకు ప్రత్యేకమైన గది యున్నచో మంచిది. లేనిచో ఇంటి వసారాలోనైనను పొడిగా, చల్లగా, నీడగా నుండు చోటు ఎన్నుకొనవలెను. ఎండ సూటిగా పడు చోటు, పొయ్యి ప్రక్క, కుడితి గోలెము ప్రక్క, పశువుల మూత్రము పారు చోటు పనికిరావు. ఎరువుల సంచులు, పురుగుమందుల డబ్బాలు, కిరసనాయిలు ఉన్న గదిలో దాణాను ఉంచరాదు. వాని వాసనయు, విషమును దాణాకు పట్టును.

బస్తాలను నేలపై ఎన్నడును దింపరాదు. ఇటుకల వరుసలపై చెక్కపలకలు గాని, వెదురు తడికలు గాని పరచి, నేలకు జానెడు ఎత్తున బస్తాలను పేర్చవలెను. ఆ పలకల క్రింద ప్లాస్టిక్ పట్టా పరచిన ఎడల నేల చెమ్మ పైకి రాదు. గోడకును బస్తాకును నడుమ అడుగున్నర ఎడముండవలెను. గాలి ఆడుటకును, ఎలుకల జాడ కనిపించుటకును, చీపురు తిప్పుటకును ఈ ఎడము అవసరము. కప్పు కారుచున్నదేమో తొలకరికి ముందే చూచి బాగుచేయించుకొనవలెను. ఒక్క చుక్క పడు చోట ఒక బస్తా చెడును. ఆ బస్తాను ఆనుకొని యున్నవానికిని చెమ్మ సోకును.

పాత్రలు, సంచులు

విప్పిన బస్తాలోని దాణాను మూతగల డబ్బాలో నుంచుట ఉత్తమము. నూనె డబ్బాల రేకు, పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము, బిగువైన మూతగల ఇనుపపెట్టె ఇందులకు పనికివచ్చును. పురుగుమందు గాని, రసాయనములు గాని పోసిన డ్రమ్ములు ఎంత కడిగినను పనికిరావు. దాణాను డబ్బాలో గుమ్మరించుటకంటె, కొన్న సంచితో సహా డబ్బాలో దింపి, మూతి మడచి, పైన మూత పెట్టుట మేలు. దాణా సంచి లోపలి పొర నూనెను, గాలిని కొంత ఆపును. డబ్బా ఎలుకలను ఆపును. సంచిపైనున్న తయారీ తేదీ, సరుకు వరుస సంఖ్య మన చేతిలో ఉండును. రేపు పశువునకు ఏదైన జబ్బు చేసినపుడు వైద్యునికి చూపుటకు ఆ చీటీయే ఆధారము.

ఖాళీయైన డబ్బాను మరల నింపుటకు ముందు అడుగున మిగిలిన పొడిని పూర్తిగా దులిపివేసి, వేడినీటితో కడిగి, ఎండలో పొడిగా ఆరనిచ్చి, చల్లారిన పిమ్మట నింపవలెను. పాత దాణాపై కొత్త దాణాను పోయుట పెద్ద తప్పు. అడుగుననున్న ముక్కిన పొడియు, పురుగు గ్రుడ్లును కొత్త దాణాను చెడగొట్టును. దాణా తీయు చేటను, కొలతపాత్రను పొడిగా నుంచవలెను. తడిచేతితో దాణా తీయరాదు. ప్రతిదినమును పని ముగియగనే మూత బిగించుట ఇంటిల్లిపాదికి అలవాటు కావలెను.

ఎంత కొనవలెను?

చౌకగా దొరికినదని ఆరు నెలల దాణాను ఒక్కసారి కొనుట లాభము కాదు. అవసరమును లెక్కగట్టి కొనవలెను. ఎనిమిది లీటర్ల పాలిచ్చు గేదెకు శరీరపోషణకు ఒకటిన్నర కిలో, రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పాలకై నాలుగు కిలోలు, మొత్తము దినమునకు అయిదున్నర కిలోల దాణా కావలెననుకొందము. ఇట్టి గేదెలు రెండున్న ఇంట దినమునకు 11 కిలోలు, పక్షమునకు 165 కిలోలు కావలెను. అనగా 50 కిలోల బస్తాలు మూడు నాలుగు చాలును. వానకాలమున ఇట్లు పక్షమునకు ఒకసారియు, వేసవిలో నెలకొకసారియు కొనుట మంచిది. ముందు వచ్చిన బస్తాను ముందు విప్పవలెను. ఇందుకై ప్రతి బస్తాపైన కొన్న తేదీని బొగ్గుతోనైనను వ్రాయవలెను.

కొనునపుడు బస్తా తడిసిన మచ్చలు కలిగియున్నదేమో, కుట్టు విడిపోయినదేమో చూడవలెను. చేతితో నొక్కగా గట్టి ముద్దలు తగిలినచో ఆ బస్తా తీసికొనరాదు. వాన పడుచుండగా తెరచిన బండిలో బస్తాలను తేరాదు.

ఏ దాణాకు ఏ జాగ్రత్త

వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క నూనె గలవి గనుక ముక్కుటకు త్వరపడును. చెక్క గడ్డలుగా నున్నపుడు తక్కువగా చెడును. పొడిచేసినచో త్వరగా చెడును. కావున ఒక వారమునకు సరిపడునంతయే పొడిచేసికొనవలెను. చెక్కను విరిచినపుడు లోపల పచ్చని గాని, నల్లని గాని, బూడిదరంగు గాని మచ్చలున్నచో ఆ గడ్డను విడువవలెను. రాయలసీమలో వేరుశనగ కాయ పక్వమగు దశలో బెట్ట తగిలినచో నేలలోనే ఈ బూజు కాయకు సోకవచ్చును. కావున పగిలినవి, పుచ్చినవి, ముడుచుకొన్నవి ఏరివేసిన పిమ్మటనే గింజలను గానుగకు పంపవలెను.

మొక్కజొన్న, జొన్న నిల్వచేయుటకు ముందు గింజ బాగుగా ఎండినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. పొడిగానున్న గాజుసీసాలో మూడింట ఒక పాలు గింజలు పోసి, బాగుగా ఆరిన ఉప్పు మూడు నాలుగు చెంచాలు వేసి, మూత బిగించి కొంతసేపు కుదిపి ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తేమ నూటికి 15 పాళ్లకు మించియున్నదని గ్రహించి, మరల ఎండబెట్టవలెను. ఉప్పు రాలి అడుగున చేరినచో గింజ ఇంతకంటె పొడిగా నున్నది. అప్పటికిని ఒక యెండ యెక్కువ వేయుట మేలు.

పచ్చిబియ్యపు తవుడు వారమునకు మించి నిల్వచేయకుడు. మరనుండి తెచ్చిన దినమే మూతగల డబ్బాలో ఉంచవలెను. నీటితో కలిపిన దాణా, నానబెట్టిన చెక్క ఆ పూటకు ఆ పూటయే ముగియవలెను. గోలెము అడుగున పులిసిన కుడితి మీద కొత్త కుడితి పోయరాదు. దినమునకు ఒక్కసారియైనను గోలెమును కడిగి ఎండనీయవలెను.

ఇంటి కుక్కకు పెట్టు పొడి మేత

ఇల్లు కాచు కుక్కకు కొందరు నేడు సంచులలో వచ్చు పొడి మేత గుళికలను పెట్టుచున్నారు. వీనిలో తేమ నూటికి సుమారు 10 పాళ్లే యుండును గాని, గుళికల పైన కొవ్వు పూత యుండును. గాలి తగిలిన కొలది ఆ పూత ముక్కును. అందువలన సంచిని విప్పిన పిదప నాలుగు నుండి ఆరు వారములలో ముగించుట మంచిది. ఇరువది కిలోల బరువుగల కుక్కకు దినమునకు సుమారు 250 గ్రాములు పెట్టినచో 10 కిలోల సంచి 40 దినములు వచ్చును. వానకాలమున 3 కిలోల సంచి కొనినచో 12 దినములలో ముగియును, తాజాతనము చెడదు.

సంచి మూతిని మడచి పిన్నుతో బిగించి, సంచితో సహా మూతగల డబ్బాలో చల్లనిచోట నుంచవలెను. గుళికలను తీసి అడుగున పాత పొడియున్న డబ్బాలో పోయరాదు. కుక్కకు వేసిన మేతలో నీరు కలిపినచో మిగిలినది కొలది గంటలలో పారవేయవలెను. 2020 చివరను అమెరికా దేశమున మొక్కజొన్న కలిపిన పొడి మేతలోని అఫ్లాటాక్సిన్ వలన నూరుకు పైగా కుక్కలు మరణించినట్లు ఆ దేశపు ఆహార మందుల శాఖ ప్రకటించినది. కొనిన సరుకును ఇంట జాగ్రత్తగా నుంచుట ఎంత అవసరమో, సంచిపై చీటీని దాచియుంచుట కూడ అంతే అవసరమని దీనివలన తెలియును. కుక్క తిండి మానుట, వాంతులు, నీరసము, చిగుళ్లు కండ్లు పచ్చబడుట కనిపించినచో వెంటనే మేత మాన్పించి పశువైద్యునికి చూపవలెను.

ఎలుకలు, పురుగులు

ఎలుకయు, పందికొక్కును తినునదానికంటె చెడగొట్టునది ఎక్కువ. వాని మూత్రమువలన మనుష్యులకును పశువులకును జబ్బులు వ్యాపించును. గదిచుట్టు చెత్త, కట్టెలు పేర్చక, కన్నములను గచ్చుతో మూసి, తలుపు క్రింద రేకు బిగింపవలెను. నేలపై దాణా పడినచో ఆ దినమే తుడిచివేయవలెను. పురుగు పట్టినచో దాణాను పలుచగా పరచి ఎండబెట్టి, జల్లించి, త్వరగా వాడివేయవలెను. వాయువు విడుచు విషపు బిళ్లలను ఇండ్లలోను, పాకలలోను దాణా బస్తాలలో వేయరాదు. అవి నిద్రించువారి ప్రాణములనే తీయగలవు.

చెడిన దాణాను ఏమి చేయవలెను?

బూజు కనిపించిన దాణాను మంచి దాణాలో సగము సగము కలిపి పెట్టుట మహా దోషము. మంచి దాణాను కూడ విషమయము చేయుటయే దాని ఫలము. కోళ్లకు వేయుటయు కూడదు. కోడిపిల్ల గేదెకంటె త్వరగా చనిపోవును. పేడకుప్పపై వేసినచో కోళ్లు, కుక్కలు ఏరుకొని తినును. కావున ఊరి బావికి, చెరువునకు దూరముగా గోతిలో పూడ్చవలెను. బూజు ధూళి ముక్కునకు తగులకుండ గుడ్డ కట్టుకొని ఆ పని చేయవలెను.

అనుమానము కలిగిన మరుక్షణమే ఆ దాణాను ఆపి, కొంత సంచితో సహా వేరుగా నుంచి, పశువైద్యాధికారికి చూపవలెను. విషమును పట్టి వెలుపలికి పంపు మట్టిజాతి పొడులు దాణాలో కలుపుటకు దొరకును గాని, వైద్యుని సలహా లేక వానిని నమ్మి చెడు దాణా పెట్టుట తగదు.

తుపాను దినములలో

కోస్తా జిల్లాలలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానులకు ప్రసిద్ధము. కోతలును, వానలును ఒక్కసారియే వచ్చు ఆ దినములలో దాణాకు ముప్పు ఎక్కువ. వానహెచ్చరిక విన్నంతనే విప్పని బస్తాలను ఎత్తైన అరుగుపైకి చేర్చి, పట్టాతో కప్పవలెను. వాన వెలిసి ఎండ కాసిన వెంటనే పట్టాను తొలగింపవలెను. లేనిచో పట్టా క్రింద చెమ్మ పట్టి దాణా ఉడికినట్లగును. తడిసిన బస్తాను విడదీసి, తడిసిన భాగమును ఆనాడే వేరుచేయవలెను. రెండవ దినమునకు వాయిదా వేసినచో బూజునకు అవకాశమిచ్చినట్లే.

ఊరి పాల సహకార సంఘము కలిసి ఎత్తైన గచ్చుగదిని కట్టుకొని, బస్తాలను పలకలపై పేర్చి, పక్షమునకు ఒకసారి సభ్యులకు పంచినచో ప్రతి ఇంటిలోను వేరువేరుగా పడు ప్రయాస తగ్గును. దాణా పాత్ర మూతను ప్రతిదినము తీయుదురు, వేయుదురు. ఆ పని చేయువారు గృహిణులే గనుక, ఈ సంగతులు వారికి మొదట తెలియవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. బస్తాను నేలపై దింపకుడు, గోడకు ఆనింపకుడు.

2. వానకాలమున పక్షమునకు, వేసవిలో నెలకు సరిపడునంతయే కొనుడు.

3. సంచితో సహా డబ్బాలో నుంచి మూత బిగింపుడు, చీటీని దాచుడు.

4. పాతదానిపై కొత్తది పోయకుడు.

5. బూజు పట్టినది ఏ జీవికిని పెట్టకుడు. ఎండబెట్టినను, ఉడికించినను విషము పూర్తిగా పోదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంట దాణా బస్తా ఎచ్చట నున్నది? దాని అడుగుభాగమును ఎప్పుడు చూచితిరి?

2. ఎండకు వేడెక్కిన డబ్బాలో చెమ్మ ఎట్లు పుట్టును?

3. ఉప్పుడు బియ్యపు తవుడు పచ్చిబియ్యపు తవుడుకంటె ఎక్కువ దినములు నిలుచుటకు కారణమేమి?

4. మీ ఇంటి పశువులకు పక్షమునకు ఎన్ని కిలోల దాణా కావలెనో లెక్కగట్టుడు.

ఈ పాఠము చదివిన నేటి సాయంకాలమే మీ దాణా బస్తాను ఒక్కసారి ఎత్తి చూడుడు. అడుగున చెమ్మ తగిలినచో నాలుగు ఇటుకలును, ఒక పలకయు వెదకుడు. అందులకు అయ్యెడు ఖర్చు స్వల్పము. ప్రయాస ఒక గడియ. రేపు మీ బిడ్డ పాలు త్రాగునపుడు మీకు నిశ్చింత కలుగును.